పెంచు, పోషించు, సాకు: ఏ మాట ఎక్కడ పడుతుంది

నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతంలో పొదుపు సంఘాల మహిళలకు పంచే కరపత్రం గురించి వచ్చిన ప్రశ్న ఇది. బిడ్డలు, జీవాలు, పెరటి కూరగాయలు అని కరపత్రంలో మూడు భాగాలున్నాయి. రాసినవారు మూడింటికీ "పోషణ" అనే వేశారు: పిల్లల పోషణ, గొర్రెల పోషణ, మొక్కల పోషణ. చదివితే ఆఫీసు సర్క్యులర్‌లా ఉందని వాళ్లకే అనిపించింది. "పెంచు" అనే మాటకు అర్థాలు, పర్యాయపదాలు ఏమిటి, ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోవచ్చా అని అడిగారు.

చాలాచోట్ల వేసుకోకూడదు. బడిపిల్లల పర్యాయపదాల పట్టికలో పెంచు, పోషించు, సాకు, సంరక్షించు, పాలించు, లాలించు ఒకే వరసలో ఉంటాయి. పరీక్షలో మార్కుకు అది చాలు, వాక్యం రాయడానికి చాలదు. పాలించు తప్ప ఈ మాటలన్నీ ఒకే చోట కలిసేది రెండేళ్ల బిడ్డ దగ్గర మాత్రమే. బిడ్డను పెంచుతాం, పోషిస్తాం, సాకుతాం, సంరక్షిస్తాం, లాలిస్తాం. ఏది వేసినా వాక్యం నిలబడుతుంది కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తాయి. బిడ్డను తీసేసి ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టి చూడండి, తేడా అప్పుడు తెలుస్తుంది.

"ముసలి తల్లి" అని పెట్టండి. తల్లిని పోషిస్తున్నాడు, సాకుతున్నాడు, సంరక్షిస్తున్నాడు అనొచ్చు. పెంచుతున్నాడు అంటే నవ్వుతారు. "గడ్డం" అని పెట్టండి. పెంచాడు అన్నది తప్ప ఒక్కటీ కుదరదు. "నాటకంలో పాత్ర" అని పెడితే పోషించాడు ఒక్కటే మిగులుతుంది. ఈ మూడు పరీక్షలతో సగం పని అయిపోతుంది. పెంచు అంటే చివరికి ఆ వస్తువో ప్రాణో ముందున్నదానికన్నా పెద్దది కావాలి. పోషించు అంటే తిండి, ఖర్చు, ఆధారం. అవతలివారు పెరగాల్సిన పని లేదు, బతుకు జరిగితే చాలు. 2007లో వచ్చిన చట్టాన్ని తెలుగులో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అంటున్నది అందుకే. సాకులో తిండితో పాటు రోజూ చేసే చాకిరీ, ఓర్పు ఉంటాయి. సంరక్షించు అంటే చెడిపోకుండా, దెబ్బ తగలకుండా కనిపెట్టుకుని ఉండటం.

ఇక పెంచు దగ్గర కొంచెం నిలబడాలి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పెరుగు అనే క్రియకు ఇది ప్రేరణ రూపం, అంటే పెరిగేలా చేయడం. దిగు–దించు, వంగు–వంచు, మునుగు–ముంచు, తెగు–తెంచు ఎలాగో పెరుగు–పెంచు అలాగ. పాత కావ్యభాషలో "పెనుచు" అని కూడా ఉంది. పెను, పెద్ద, పెరుగు, పెంపు ఒకే కుటుంబం మాటలు. (మన జిల్లాలో పెంచలయ్య, పెంచలమ్మ పేర్లు ఇంటికొకటి ఉంటాయి కనుక ఒక మాట. అవి ఈ క్రియ నుంచి రాలేదు. రాపూరు దగ్గరి పెంచలకోన స్వామి పెనుశిల లక్ష్మీనరసింహస్వామి, పెనుశిలే జనం నోట పెంచల అయింది.)

పెంచుకు వాడుకలో ఉన్న అర్థాలు స్థూలంగా మూడు. ప్రాణిని చిన్నతనం నుంచి పెద్ద చేయడం మొదటిది: బిడ్డను, దూడను, మొక్కను. పరిమాణం ఎక్కువ చేయడం రెండోది: ధర, జీతం, వేగం, టీవీ శబ్దం, గడువు. కత్తిరించకుండా వదిలేయడం మూడోది: జుట్టు, గోళ్లు, గడ్డం. వ్యతిరేక పదం అడిగితే చాలామంది "తగ్గించు" అని రాసేస్తారు. అది రెండో అర్థానికి మాత్రమే సరిపోతుంది. బిడ్డను పెంచడానికి వ్యతిరేకం బిడ్డను తగ్గించడం కాదు కదా, అక్కడ గాలికి వదిలేయడం లాంటి మాట కావాలి. మూడోదానికి కత్తిరించు. ఏ అర్థానికి వ్యతిరేకం అడుగుతున్నారో వాక్యం ఇవ్వకుండా అడిగే ప్రశ్న సరైన ప్రశ్న కాదు.

పెంచు చివర "కొను" చేరితే అర్థం మారుతుంది. కరపత్రంలో ఇది చూసుకోకపోతే అపార్థాలు వస్తాయి. "ఆ దంపతులు ముగ్గురు బిడ్డల్ని పెంచారు" అంటే సొంత బిడ్డలే అని ఎవరికైనా తోస్తుంది. "ఒక బిడ్డను పెంచుకున్నారు" అంటే ఆ బిడ్డ వాళ్లకు పుట్టలేదని అర్థం. తెలంగాణలో సాదుకున్నారు అన్నా ఇదే. జంతువుల దగ్గర ఇంకో రకం తేడా: కుక్కను పెంచుకుంటాం, వ్యాపారానికి కోళ్లు పెంచుతాం. మనసులోవన్నీ పెంచుకునేవే: ఆశలు, పగ, మమకారం.

పెంచిన తల్లి అన్నా అంతే. కన్నతల్లి వేరు, పెంచిన తల్లి వేరు అని తెలుగువాళ్ల చెవికి అలవాటు. కరపత్రంలో "పెంచే తల్లిదండ్రులు", "పెంపుడు తల్లిదండ్రులు" అని మామూలు అమ్మానాన్నల గురించి రాశారనుకోండి, చదివేవారు ఎవరో దత్తత తీసుకున్నవారి సంగతి అనుకుంటారు. తల్లిదండ్రులు అంటే సరిపోతుంది. పెంపకానికి ఇవ్వడం, దత్తత ఇవ్వడం కూడా వేరు. దత్తత చట్టప్రకారం జరిగేది, దాంతో వారసత్వ హక్కు వస్తుంది. మేనమామ ఇంట్లోనో అమ్మమ్మ దగ్గరో పెరగడం పెంపకమే, దాన్ని దత్తత అనకూడదు. సంఘంలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి బిడ్డ ఉంటే ఈ తేడా కాగితం మీద ముఖ్యమవుతుంది. బడి దరఖాస్తులో "తండ్రి / సంరక్షకుడు" అన్నచోట మేనమామ సంరక్షకుడిగా సంతకం పెడతాడు.

పెంచు నుంచి వచ్చిన నామపదాలను కలగాపులగం చేయడం ఇంకో తప్పు. పెంపకం అంటే ప్రాణుల్ని పెంచే పని. పెంపు, పెంపుదల అంటే అంకె ఎక్కువ చేయడం. కాబట్టి "పిల్లల పెంపుదల" తప్పు, "జీతాల పెంపకం" ఇంకా పెద్ద తప్పు. పెరుగుదల దానంతట అది జరిగేది, పెంపు ఎవరో చేసేది. ఉల్లిపాయల ధరల పెరుగుదల అంటాం, బస్సు ఛార్జీల పెంపు అంటాం. వేసవిలో ఉష్ణోగ్రతల పెంపు అని అప్పుడప్పుడు వార్తల్లో కనిపిస్తుంది, ఎండను ఎవరు పెంచారో మరి. నైపుణ్యం, ఆత్మవిశ్వాసం, స్నేహం లాంటివాటికి పెంపొందించు అతుకుతుంది. అయితే కరపత్రంలో దాన్ని ఒకటి రెండు చోట్లకు మించి వాడితే మళ్లీ సర్క్యులర్ వాసన వస్తుంది.

పోషించు సంస్కృతం నుంచి వచ్చింది. పుష్టి, పౌష్టిక, పోషకం, పోషకుడు అన్నీ "పుష్" ధాతువు సంతానం. సభల ఆహ్వాన పత్రికల్లో చందా ఇచ్చినవారిని పోషకులు, రాజపోషకులు, మహారాజపోషకులు అని వేస్తారు చూడండి, అక్కడ ఎవరూ ఎవరికీ అన్నం పెట్టడం లేదు, డబ్బు ఇస్తున్నారు. ఖర్చు భరించడం అన్నది ఈ మాటకు అంత గట్టిగా అంటుకుని ఉంది. "కుటుంబాన్ని పోషిస్తున్నాడు" అంటే సంపాదించి తెస్తున్నాడు అనే. వండి, కడిగి, జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని ఉండే మనిషి పని ఈ మాటలోకి రాదు. మహిళలకు పంచే కాగితంలో అన్నిచోట్లా పోషణ అని రాస్తే వాళ్లు చేసే పనిలో పెద్ద భాగం మాటలోంచి జారిపోతుంది, నా మట్టుకు ఆ కరపత్రంలో అసలు లోపం ఇదే.

ఆహారం సంగతి వచ్చినప్పుడు మాత్రం పోషణను తీసేయకండి. అంగన్‌వాడీ వ్యవస్థ 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకంతో వచ్చింది, 2018లో పోషకాహార లోపం తగ్గించడానికి పోషణ్ అభియాన్ వచ్చింది. పోషకాహారం, పోషకాహార లోపం అనే మాటలు ఇప్పుడు పల్లెల్లో కూడా అందరికీ తెలిసినవే. వాటి బదులు కొత్త మాటలు పుట్టించే పని లేదు. రాతలో ఒక జాగ్రత్త: పౌష్టికాహారంలో "ష్ట" ఉంటుంది, "ష్ఠ" కాదు. గోడల మీద రాసినవాటిలో చాలావరకు తప్పే.

"పెంచి పోషించు" అని రెండూ జంటగా వేయడం అందంగా ఉంటుందనుకుంటారు. ఈ మధ్య పత్రికల భాషలో దీనికి చెడ్డ అర్థం స్థిరపడింది, రౌడీలను పెంచి పోషించారు, అవినీతిని పెంచి పోషించారు అని. బిడ్డల విషయంలో దీన్ని వదిలేసి "పెంచి పెద్ద చేయు" అనండి. ఇక్కడా చిన్న మెలిక ఉంది. ఆడపిల్ల గురించి "పెద్దదైంది" అంటే ఊళ్లలో రజస్వల అయిందనే అర్థం. "పిల్ల పెద్దదయ్యాక బడి మార్చండి" అని రాసేముందు ఆలోచించుకుని, "పదేళ్లు దాటాక" అని వయసు వేయడం మేలు.

సాకు అనేది నెల్లూరు, రాయలసీమ వైపు నోట్లో నలిగే మాట. కన్నడంలోనూ ఇదే అర్థంలో ఉంది. "తల్లి లేని బిడ్డను అవ్వే సాకింది" అంటే అందులో తిండి, కాపలా, ముద్దు, విసుగు అన్నీ వచ్చేస్తాయి. దూడకు, కుక్కపిల్లకు, మంచాన పడ్డ మామకు కూడా ఇది చెల్లుతుంది. వస్తువులకు, గుణాలకు చెల్లదు. అచ్చులో దీనికున్న చిక్కల్లా ఒకటే: సాకు అంటే నెపం అని ఇంకో మాట ఉంది. శీర్షికలో ఒంటరిగా "సాకు" అని వేయొద్దు. సాకడం, సాకింది, సాకే అని క్రియగా వాక్యంలో కూర్చుంటే ఎవరూ పొరబడరు. ఇదే కోవలో పాతవాళ్లు అనే "అరుసుకోవడం" కూడా ఉంది: ఎలా ఉన్నారో, తిన్నారో లేదో అడిగి చూసుకోవడం. పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు సంరక్షణ అనేకన్నా అది ఎంతో దగ్గరగా ఉంటుంది.

జీవాల భాగానికి వస్తే, గొర్రెల పోషణ అనడం వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, పశుపోషణ అన్న మాట ఉండనే ఉంది. అయినా గొర్రెలకు పెంపకం స్థిరపడిపోయింది. సహకార సంఘాల పేర్లే గొర్రెల పెంపకందారుల సంఘాలు. ప్రభుత్వ శాఖ పేరు పశుసంవర్ధక శాఖ, సంవర్ధనం అంటే వృద్ధి చేయడం. ఇవి పైమాటలు. కింద పనిలోకి దిగితే మాటలు వేరు. గొర్రెల్ని మేపుతారు, కాస్తారు. మేయు–మేపు: తిండి దగ్గరికి తీసుకెళ్లి తినేలా చేయడం. కాయు అంటే చేలో పడకుండా, కుక్కల పాలవకుండా చూడటం, కాపరి అందులోంచే వచ్చాడు. మేపడాన్ని మనుషులకు వాడితే తిట్టు అవుతుంది, "పనీపాటా లేనివాణ్ణి మేపుతున్నారు" అన్నట్టు. నెల్లూరు జాతి గొర్రెల్లో పల్ల, జోడిపి, దోర అని ఒంటి రంగును బట్టి రకాలున్నాయి. ఒక రకం అంతరించకుండా చూడటం గురించి రాస్తే పరిరక్షణ అనాలి, ఒక గొర్రెకు జబ్బు చేస్తే చూసుకోవడం సంరక్షణ. ఒంగోలు జాతి పరిరక్షణ, ఒంగోలు ఆవు సంరక్షణ అని పక్కపక్కన పెట్టుకుంటే తేడా గుర్తుంటుంది.

రొయ్యలకు పెంపకం, సాగు రెండూ నడుస్తున్నాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గుంటల రైతులు సాగు అనే ఎక్కువగా అంటారు. ఎందుకంటే అక్కడ లెక్క ఎకరాల్లో, పంటల్లో. చెరకు, వరి, పొగాకులకు సాగు తప్ప పెంపకం అనకూడదు. పెరట్లో నాలుగు మొక్కలకు సాగు అనడం అతి, పెంచడం అంటే చాలు. నిమ్మకు రెండూ కావాలి: గూడూరు, పొదలకూరు వైపు తోటను సాగు చేస్తారు, మొక్కను పెంచుతారు, పెరిగిన చెట్టు "కాపుకు వస్తుంది".

మొక్కల విషయంలో పోషించు అనే క్రియను పక్కన పెట్టండి. "మొక్కలను ప్రేమతో పోషించండి" అన్న వాక్యం తెలుగులో ఎవరి నోటా రాదు. పోషకాలు అనే నామపదం మాత్రం ఉండాలి, నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు గురించి చెప్పడానికి వేరే మాట లేదు. బాగా పెరగడానికి "ఏపుగా" అంటాం. ఇది ఎప్పుడూ మెచ్చుకోలు కాదని గుర్తుంచుకోవాలి. యూరియా ఎక్కువైతే వరి ఏపుగా పెరిగి, చీడపీడలు తగిలి, గాలికి పడిపోతుంది. వరి గురించి మెచ్చుకోవాలంటే దుబ్బు కట్టింది, పిలకలు బాగా వేసింది అనాలి.

నీళ్ల దగ్గర కరపత్రాలు బోల్తా పడతాయి. మొక్కకు నీళ్లు పోస్తాం, చేనుకు పెడతాం లేదా కడతాం, గేదెకు తాపుతాం. బిడ్డకు నీళ్లు పోయడం అంటే స్నానం చేయించడం. "6 నెలల లోపు బిడ్డకు నీళ్లు పోయరాదు" అని అచ్చు వేస్తే ఆరు నెలలు స్నానం మాన్పమన్నట్టు. "తాపకూడదు" లేదా "తాగించకూడదు" అనాలి. పాల దగ్గర కూడా అంతే. తల్లి ఇచ్చేదాన్ని పాలివ్వడం అంటాం, గిన్నెతోనో సీసాతోనో అయితే పాలు పట్టడం. పుట్టిన గంటలోపు తల్లి పాలివ్వాలి అని చెప్పదలచినప్పుడు "పాలు పట్టాలి" అని వేయకండి.

ఎదుగు అనే మాటను ప్రశ్నలో అడగలేదు కానీ పిల్లల భాగానికి అది లేకపోతే కుదరదు. పెరుగుకు ఎదుగుకు మధ్య గీత సులువుగానే గీయొచ్చు. ధరలు, సోమశిల ప్రాజెక్టులో నీటిమట్టం, బీపీ పెరుగుతాయి, ఎదగవు. మనిషి "కావలిలో పెరిగాడు" అంటే బాల్యం అక్కడ గడిచింది. "గుమాస్తాగా చేరి మేనేజరుగా ఎదిగాడు" అంటే స్థాయి. బిడ్డకు ఒడ్డూపొడుగుతో పాటు మాట, నడక, తెలివి రావడాన్ని ఎదుగుదల అంటాం. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూసి రాసుకునేదాన్ని ఎదుగుదల పర్యవేక్షణ అంటున్నది అందుకే. ఇంకో సంగతి, పెరుగుకు పెంచు ఉన్నట్టు ఎదుగుకు వాడుకలో ప్రేరణ రూపం లేదు. "ఎదిగించు" అని రాసిన కరపత్రాలు ఉన్నాయి గానీ చెవికి పట్టదు. ఎదగనిచ్చు, ఎదిగేలా చూడు అనే అంటాం. ఎదుగుదల ఆగిపోతే గిడసబారడం. ఇది పైరుకూ బిడ్డకూ ఒకే మాట. వయసుకు తగ్గ ఎత్తు లేని బిడ్డ గిడసబారినట్టు, ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే కృశించినట్టు. ఈ రెండింటినీ "బలహీనం" అని ఒకే మాటలో కలిపేస్తే ఏం కొలవాలో తల్లికి అర్థం కాదు.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. పాలించు ఒకప్పుడు కాపాడి పెంచడమే, ఇప్పుడు రాజ్యానికి పోయింది. ఇంట్లో దాని జాడ ఆలనాపాలనా అనే జంటలో మిగిలింది. లాలించు అంటే ముద్దు చేయడం, ఏడుపు మాన్పడం, అందులో తిండి లేదు. భరణం కోర్టు మాట. విడిగా ఉంటున్న భార్యకు, బిడ్డలకు ఇప్పించే సొమ్ము. సీఆర్‌పీసీ (పాత నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్ కింద ఉండేది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ కిందికి వచ్చింది. భర్త, భార్య, భృతి కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. ప్రోచు, ఓము, మనుచు పద్యాల్లో కనిపిస్తాయి. విద్యార్థులు అర్థం తెలుసుకుంటే చాలు, కరపత్రంలో వద్దు. నానార్థాల్లో "పెరుగు"కు తినే పెరుగు, వృద్ధి చెందడం రెండూ రాయాలి.

ఇక ప్రశ్నతో పాటు కరపత్రం నుంచి పంపిన వాక్యాలు. "శిశు పోషణలో తల్లిపాలు ప్రధాన పాత్ర పోషిస్తాయి": పోషణ, పోషించడం ఒకే వాక్యంలో రెండు అర్థాలతో ఢీకొట్టుకున్నాయి. "6 నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే ఇవ్వాలి, నీళ్లు కూడా తాపొద్దు" అనండి. "గొర్రెపిల్లల పోషణ చర్యలు చేపట్టాలి" అన్నదానిలో చేయాల్సిన పని ఏదో లేదు. "గొర్రెపిల్లలకు వేళకు నట్టల మందు తాగించాలి, తడి లేనిచోట కట్టాలి" అని పనులు రాయండి. "మొక్కల పోషణ, సంరక్షణ" బదులు "టమాటా నారు 25–30 రోజులకు నాటాలి, ముదిరితే సరిగా కాయదు. బీర, కాకరకు పందిరి వేయాలి" అంటే చదివిన మనిషి లేచి పందిరికి కర్రలు వెతుక్కుంటుంది.

మొత్తానికి శీర్షిక కావాలంటే "బిడ్డల పెంపకం, జీవాల పెంపకం, పెరటి తోట" అని పెట్టుకోండి. పెంపకం మొదటి రెండింటికీ చక్కగా సరిపోతుంది, మూడోదానికి అసలు అక్కర్లేదు. లోపల తిండి గురించి ఉన్న పేరాకు మాత్రం "పోషకాహారం" అని ఉపశీర్షిక ఉంచండి, అంగన్‌వాడీ కార్డు మీద ఉన్న మాట, కాగితం మీద ఉన్న మాట ఒకటే అయితే వెతుక్కోవడం తేలిక. ముసలివాళ్ల గురించి నాలుగో భాగం చేర్చాలనుకుంటున్నట్టు రాశారు. దానికి పెంపకం, పోషణ రెండూ వద్దు, "ఇంట్లో పెద్దల్ని చూసుకోవడం" అంటే సరి.